కిడ్నీలో గడ్డ (ట్యూమర్) ఉంటే కిడ్నీ మొత్తం తీసేయాల్సిందేనా?

అక్కర్లేదు, గడ్డ 4 సెంటీమీటర్ల లోపు ఉంటే చాలామందికి గడ్డనీ, దాన్ని ఆనుకున్న కాస్త భాగాన్నీ మాత్రమే తీసి మిగతా కిడ్నీని కాపాడతారు. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ చేస్తారు. కిడ్నీకి వెళ్లే రక్తనాళాన్ని క్లిప్పుతో కాసేపు బిగించి, గడ్డ కోసి, కుట్లు వేసి క్లిప్పు తీస్తారు. రక్తం అందని ఆ సమయం అరగంట దాటకుండా చూస్తారు. ఎక్కువైతే మిగిలిన కిడ్నీ కూడా దెబ్బతినొచ్చు.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, కవిటిలోనో సోంపేటలోనో, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఇప్పటికే 1.8 ఉన్న, అంటే కిడ్నీలు కొంత దెబ్బతిన్న మనిషికి 3 సెంటీమీటర్ల గడ్డ బయటపడిందనుకోండి. కిడ్నీ మొత్తం తీసేస్తే డయాలసిస్ ముందే వచ్చిపడొచ్చు. అలాంటివాళ్లకి మిగిలే ప్రతి ముక్కా ముఖ్యమే. (అయితే ఉద్దానం కిడ్నీ జబ్బుకి మాత్రం ఈ ఆపరేషన్ వైద్యం కాదు, ఇది గడ్డకే.)

రంధ్రాలు చిన్నవి కాబట్టి ఆపరేషన్ కూడా చిన్నదే అనుకోవడం పొరపాటు. లోపల కోత, కుట్లు పెద్ద ఆపరేషన్‌లో లాంటివే. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేసినా, ఒక్కోసారి వారం పది రోజుల తర్వాత కూడా లోపల రక్తం కారొచ్చు. మూత్రం బాగా ఎర్రగా వచ్చినా, కళ్లు తిరిగినా, జ్వరం వచ్చినా టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో దగ్గరున్న ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. నెల దాటేదాకా జీడి బస్తాలు ఎత్తొద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆపరేషన్‌కి ముందే డాక్టరుకి చెప్పాలి.