నాయనకు కూడా టికెట్టు తీయండి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. డల్లాస్ వచ్చి ఏడాదిన్నర అయింది. అక్టోబరులో మాకు తొలి బిడ్డ పుట్టబోతోంది. ప్రసవానికి అమ్మను, ఆ తర్వాత అత్తగారిని పిలిపించాలనుకుంటున్నాం. నాయనను కూడా రమ్మందామంటే, ‘ఆయన వచ్చి అక్కడ ఏం చేస్తారు, టికెట్టు దండగ’ అని అమ్మే అంటోంది. మీరేమంటారు?

జవాబు: ‘ఆయన వచ్చి ఏం చేస్తారు’ అన్న మాట 2004లో మా ఇంట్లోనూ వినిపించింది. అన్నది నేనే.

మా నాయన ఆర్టీసీ డ్రైవరు. తిరుపతి నుంచి తిరుమలకు ఘాట్ రోడ్డు మీద ఇరవై ఆరేళ్లు బస్సు నడిపారు. మా పెద్దవాడు పుట్టినప్పుడు అమ్మను ఒక్కదాన్నే పిలిపించుకున్నాను. ఆ ఆరు నెలలూ ఆయన తిరుపతి ఇంట్లో ఒంటరిగా ఉన్నారు. పొద్దున హోటల్ ఇడ్లీ, మధ్యాహ్నం తాను వండుకున్న అన్నంలోకి పక్కింటివారు ఇచ్చిన పులుసు, రాత్రికి మజ్జిగన్నం. ఫోనులో మాత్రం ‘నాకేం, బాగున్నాను’ అనేవారు. ఇక్కడ అమ్మ బిడ్డకు నీళ్లు పోస్తూ కూడా ‘మీ నాయన బీపీ మాత్ర వేసుకున్నారో లేదో’ అని గొణుక్కునేది. బిడ్డను చూసుకోవడానికి ఎవరు కావాలో లెక్క వేసుకున్నాను. మనవడిని చూసుకోవాలని ఆయనకూ ఉంటుందన్నది ఆ లెక్కలోకి రాలేదు.

2006లో పుట్టు వెంట్రుకలు తీయించడానికి తిరుపతి వెళ్లాం. అప్పుడే ఆయన వాడిని మొదటిసారి ఎత్తుకోబోయారు. రెండేళ్ల పిల్లవాడు కొత్త మనిషని ఏడ్చి వాళ్ల అమ్మ వెనక దాక్కున్నాడు. చాచిన చేతులు వెనక్కి తీసుకోవడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది.

కాబట్టి ఇద్దరినీ పిలిపించండి. మీ అమ్మగారు టికెట్టు దండగ అంటున్నారు గానీ, ఆయనను అక్కడ వదిలి వస్తే ఆమె మనసు సగం చిత్తూరులోనే ఉంటుంది.

మీ అమ్మగారి మాటలో కొంత నిజం లేకపోలేదు. నలుగు, సాంబ్రాణి పొగ, బాలింత పథ్యం, వీటిలో తాతకు పెద్దగా చోటు ఉండదు. మొదటి రెండు నెలలు ఆయన ఎక్కడ కూర్చోవాలో తెలియక సోఫా అంచున కూర్చుంటారు. బిడ్డ మెడ నిలిపే సమయానికి మాత్రం తాత భుజానికి పని మొదలవుతుంది. అందుకని ఇద్దరికీ ఒకేసారి కుదరకపోతే ఆయన రెండు నెలలు ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు. ఒంటరి ప్రయాణమైతే విమానాశ్రయంలో దారి చూపే సాయం కావాలని టికెట్టు తీసేటప్పుడే అడగండి. సందర్శక వీసాకు దరఖాస్తు మాత్రం ఇద్దరికీ కలిపి పెట్టండి. వీసా ఇంటర్వ్యూకు చిత్తూరువారికి చెన్నై దగ్గర. వీసా పదేళ్లకు ఇచ్చినా, ఇక్కడ ఎన్నాళ్లు ఉండవచ్చో ఐ-94లో, అంటే అమెరికాలో దిగినప్పుడు నమోదయ్యే ప్రవేశ పత్రంలో, ఉన్న తేదీయే చెబుతుంది. సాధారణంగా అది ఆరు నెలలు. ప్రయాణ బీమా బయలుదేరకముందే తీసుకోండి. పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే ఖర్చు ఇస్తారో లేదో చదివి మరీ తీసుకోండి. బీపీ, షుగరు మాత్రలు డాక్టరు చీటీతో సహా తెచ్చుకోమనండి.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. అసలు కష్టం ఆయన వచ్చాక ఉంటుంది. మా నాయన రోజూ తెల్లవారుజామున కపిలతీర్థం దాకా నడిచేవారు. వచ్చేటప్పుడు టీ బంకు దగ్గర పేపరు తిరగేసి, నలుగురితో నాలుగు మాటలు మాట్లాడి ఇంటికి చేరేవారు. 2008లో ఇక్కడికి వచ్చారు. మా శివారులో బస్సు లేదు. ఎక్కడికి వెళ్లాలన్నా కారు కావాలి, కారు నడపాలంటే నేను ఉండాలి. అంతటి డ్రైవరు వారమంతా ఇంట్లో కూర్చుని, శనివారం కోసం ఎదురుచూసి, నా పక్క సీట్లో ఎక్కేవారు. మూడో వారం ‘నన్నెప్పుడు పంపిస్తావు?’ అని అడిగారు.

ఆయనను నిలబెట్టింది నేను కాదు, నాలుగేళ్ల మా పెద్దవాడు. ఒకరోజు వాడి బొమ్మ కార్లు చూసి, దిండ్లు పేర్చి, నాయన శేషాచలం కట్టారు. దుప్పటి మడతలతో రెండు దారులు వేశారు. 1944లో వేసినది మొదటి ఘాట్ రోడ్డు, ఇప్పుడు దిగడానికి. 1974లో వచ్చినది రెండోది, ఎక్కడానికి. ఏ మలుపులో ఏ గేరు వేయాలో, బ్రేకు మీదే ఆధారపడితే దిగేటప్పుడు ఏమవుతుందో వాడికి వివరించేవారు. అప్పటిదాకా మేము తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లవాడు, నేను కారు బొమ్మ అడ్డంగా పెడితే ‘నాన్నా, అది దిగే దారి, ఎక్కకూడదు’ అని నన్ను ఆపాడు. అన్నం, నీళ్లు, నిద్ర దాటి వాడు తెలుగులో పూర్తి వాక్యాలు మాట్లాడింది ఆ దిండ్ల దగ్గరే. ఎప్పుడు పంపిస్తావని నాయన మళ్లీ అడగలేదు.

మీ నాయనగారికి ఏం వచ్చో మీకు తెలుసు. మామిడి అంట్లు కట్టడం కావచ్చు, లెక్కలు కావచ్చు, హరికథ కావచ్చు. దాన్ని ఇంట్లోకి రానివ్వండి. ఊరికే ‘విశ్రాంతి తీసుకోండి’ అనకండి. వీలైతే గ్రంథాలయానికో పార్కుకో నడిచి వెళ్లగలిగే చోట ఇల్లు చూసుకోండి. అద్దె కొంచెం ఎక్కువైనా నేనైతే అదే తీసుకుంటాను. అత్తగారు వచ్చినప్పుడు మామగారిని కూడా ఇలాగే పిలవండి.

నాయన గురించి రాశారు గానీ, మీరు ఎన్నాళ్లు సెలవు పెడుతున్నారో రాయలేదు. 1993 నాటి అమెరికా కుటుంబ, వైద్య సెలవుల చట్టం తల్లికే కాదు, తండ్రికీ వర్తిస్తుంది. యాభై మందికి తక్కువ కాని సంస్థలో ఏడాది నిండి, సెలవుకు ముందు పన్నెండు నెలల్లో 1,250 గంటలు పని చేసి ఉంటే, బిడ్డ పుట్టిన ఏడాదిలోగా 12 వారాల సెలవు అడగవచ్చు. జీతం ఇవ్వాలని చట్టంలో లేదు. అందుకే ఇప్పటి నుంచే కొంత దాచుకోండి. నేను పెట్టినది నాలుగు రోజులు. మిగతా రోజులు ఏ ముఖ్యమైన పని మీద ఆఫీసుకు వెళ్లానో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు.

ఇంకొక్క మాట. అన్నమయ్య (1408–1503) పాటలు రాగిరేకుల మీదికి ఎక్కి మనకు దక్కాయంటే కొడుకు పెద తిరుమలాచార్యుల శ్రద్ధ వల్ల. ఆయన బతుకు కథ దక్కింది మాత్రం మనవడు చిన్నన్న వల్ల. తాత కథను ద్విపదలో రాసిపెట్టింది ఆయనే. అందులో చాలా భాగం ఇంట్లో విన్నదే అయి ఉంటుందని నా నమ్మకం. మీ నాయనగారు మనవడికో మనవరాలికో కథ చెబుతుంటే ఫోనులో రికార్డు చేయండి. మా నాయన 2016లో పోయారు. ఇరవై ఆరేళ్ల ఘాట్ రోడ్డులో నా దగ్గర మిగిలింది నలభై నిమిషాలు.

వాళ్లు తిరిగి వెళ్లిపోయాక, ఇక్కడ రాత్రి ఎనిమిదికి ఫోను చేయండి. చిత్తూరులో వేసవిలో మరునాటి ఉదయం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర అవుతుంది. ఫోను అమ్మ చేతిలోనే ఉండిపోకుండా, నాయనతో బిడ్డను విడిగా మాట్లాడనివ్వండి.

అమ్మ పాస్‌పోర్టు గడువు ఎప్పటివరకు ఉందో ఈపాటికి అడిగే ఉంటారు. ఈ రాత్రి ఫోను చేసినప్పుడు నాయనది కూడా అడగండి.