283 మందిలో ఒకాయన ఇంట్లో నేను అద్దెకున్నాను

అడిగిన ప్రశ్న ఇది: "2007-08 హాలీవుడ్ రచయితల సమ్మె చివరికి గెలిచినట్టా, ఓడినట్టా? ఒకే సంఘంలోని రచయితలు ఆ ఒప్పందం మీద అంతగా ఎందుకు గొడవపడ్డారు?"

గెలుపా ఓటమా అన్నది కాసేపు పక్కన పెడతాను. ఎందుకు గొడవపడ్డారో మాత్రం నాకు బాగా తెలుసు. ఆ గొడవ నా కళ్ళ ముందే, ఒక వంటగదిలో జరిగింది.

అప్పట్లో నేను లాస్ ఏంజిలిస్‌లో ఎమ్మెస్ చదువుతూ, బర్బ్యాంక్‌లో ఒక పాత ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఇంటాయనకి డెబ్భై దగ్గరపడ్డాయి. 1970లలో, 80లలో టీవీకి ఎపిసోడ్లు రాసినాయన. భార్య పోయి నాలుగేళ్ళయింది. కూతురికి ముప్పై ఒకటి. పదేళ్ళు ఎవరెవరి ఆఫీసుల్లోనో ఫోన్లెత్తి, స్క్రిప్టులు జిరాక్స్ తీసి, ఆ ఏడాదే ఒక టీవీ షోలో రైటర్‌గా మొదటి ఉద్యోగం తెచ్చుకుంది. 2007 నవంబర్ 5న సమ్మె మొదలైంది. డిసెంబర్‌లో ఆ అమ్మాయి అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, రెండు ట్రిప్పుల్లో సామాను కారులో వేసుకుని నాన్న దగ్గరికి వచ్చేసింది.

ఇద్దరూ రైటర్స్ గిల్డ్ సభ్యులే. సమ్మెకి దిగిన సినిమా, టీవీ రచయితల సంఘం అదే. పొద్దున్నే ఎర్ర టీషర్టులు వేసుకుని స్టూడియో గేటు దగ్గరికి వెళ్ళేవాళ్ళు. నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నవాణ్ణి, ప్లకార్డు పట్టుకోవడానికి భయమేసింది. క్లాసు లేని రోజున ఫ్లాస్కులో అల్లం టీ పోసుకెళ్ళి ఇచ్చి వచ్చేవాణ్ణి.

వీకెండ్‌లో కలిసే తెలుగు ఫ్రెండ్స్‌కి ఈ సంగతి చెబితే, "రాసుకునేవాళ్ళకి సమ్మె ఏంట్రా, అదేమన్నా ఫ్యాక్టరీనా?" అనేవాళ్ళు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ మంటే. మా నాన్న జూట్ మిల్లులో చేసేవాడు. నా చిన్నప్పుడు ఒకసారి ఆ మిల్లు నెలల తరబడి మూతపడింది. రాజీ కుదిరిందని తెలిసిన రాత్రి మా వీధిలో పండగలా ఉంటుందనుకున్నాను. ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చుని తిట్టుకున్నారు. కొందరు యూనియన్ లీడర్‌ని, కొందరు ఆ లీడర్‌ని తిట్టేవాళ్ళని. తెల్లారి సైరన్ కూయగానే అందరూ ఒకే గేట్లోంచి లోపలికి వెళ్ళారు. రాసేవాడిదైనా, నారతో పనిచేసేవాడిదైనా, చేసిన పనికి వాటా అడగడం ఒకటే.

బర్బ్యాంక్ ఇంటికి అప్పుడప్పుడూ ఆకుపచ్చ కవర్లు వచ్చేవి. పాత ఎపిసోడ్ మళ్ళీ వేసినా, క్యాసెట్‌గానో డీవీడీగానో అమ్మినా, రాసినవాళ్ళకి కొంత డబ్బు రావాలి. దాన్ని రెసిడ్యువల్స్ అంటారు. ఆ చెక్కులు ఆకుపచ్చ కవర్లో వస్తాయి. పెద్దాయన ఆ రసీదులన్నీ ఒక చెప్పుల డబ్బాలో దాచుకునేవాడు. ఒక ఆదివారం నన్ను కూర్చోబెట్టి, "నువ్వు లెక్కలు బాగా చేస్తావు కదా, ఇది చూడు" అని క్యాసెట్ల లెక్క చెప్పాడు. మన డబ్బుల్లో చెప్తాను. వంద రూపాయలు వచ్చిందనుకోండి. అందులో ఎనభై కంపెనీ ఖర్చుల కింద పక్కన పెడతారు. లెక్కలోకి వచ్చేది ఇరవయ్యే. ఆ ఇరవైలో ఒకటిన్నర శాతం రచయితది. అంటే ముప్పై పైసలు.

వీడియో క్యాసెట్ కొత్తగా వచ్చి, తయారీకి బోలెడు ఖర్చయ్యే రోజుల లెక్క అది. 1985లో గిల్డ్ దాని మీదే సమ్మెకి దిగింది. లోపల్లోపలే చీలిపోయి రెండు వారాల్లో సమ్మె కూలింది. తర్వాత క్యాసెట్ చవకైంది. దాని తర్వాత ఇంకా చవకైన డీవీడీ వచ్చింది. సూత్రం మాత్రం అదే. 2007 నాటికి ఒక డీవీడీ మీద రచయితకి దక్కేది సుమారు 4 సెంట్లు. దాన్ని రెట్టింపు చెయ్యమన్నారు, అంతే. అదీ చివరికి ఒప్పందంలో లేదు.

ఈ సమ్మె సంగతి ఎవరైనా నన్నడిగితే ముందు ఆ ముప్పై పైసల లెక్కే చెప్తాను. ఒప్పందంలో తొందరపడి ఒప్పుకున్న ఒక్క వాక్యం ఇరవై ఏళ్ళకు పైగా మనుషుల మీద కూర్చుంది. అది అనుభవించినవాళ్ళు తర్వాతి ఒప్పందాన్ని భూతద్దం పెట్టి చదవకుండా ఎలా ఉంటారు?

2008 ఫిబ్రవరి 9, శనివారం. ష్రైన్ ఆడిటోరియంలో గిల్డ్ మీటింగ్ పెట్టి ఒప్పందం వివరించింది. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ వెళ్ళారు. వస్తే ఆకలితో ఉంటారని చారు, బంగాళాదుంప వేపుడు చేసి ఉంచాను. పదకొండింటికి వచ్చారు. దారిలో ఒక్క మాట కూడా అనుకోలేదని మొహాలు చూస్తేనే తెలిసింది. పెద్దాయన కోటు కూడా విప్పకుండా కూర్చుని, మీటింగులో ఇచ్చిన కాగితం బల్ల మీద పరిచాడు.

"పదిహేడు రోజులు!" అన్నాడు. ఎపిసోడ్ ఇంటర్నెట్‌లో పెట్టాక మొదటి 17 రోజులు కంపెనీ రచయితకి ఏమీ ఇవ్వక్కర్లేదు. కొత్త షో అయితే 24 రోజులు. "చూసేవాళ్ళంతా ఆ రెండు వారాల్లోనే చూస్తారు. తర్వాత ఎవడు చూస్తాడు?" ఆ తర్వాత కూడా ఒప్పందం మొదటి రెండేళ్ళలో ఒక చిన్న స్థిరమైన మొత్తమే. మూడో ఏడు మాత్రమే రాబడిలో 2 శాతం. రియాలిటీ షోలనీ యానిమేషన్‌నీ గిల్డ్ కిందికి తేవాలన్న డిమాండ్ వదిలేశారు. పైగా ఇదంతా చాలావరకు, సమ్మెలో లేని డైరెక్టర్ల సంఘం జనవరి 17న కుదుర్చుకున్న ఒప్పందం మూసలోనే ఉంది. ఆయనకి అసలు మండింది అక్కడే. "మనం ఎండలో తిరిగాం. వాళ్ళు కుదుర్చుకున్నది మనం తీసుకుంటున్నాం."

కూతురు నిలబడే మాట్లాడింది. "నాన్నా, ఇంటర్నెట్ కోసం రాసింది కూడా మన గిల్డ్ కిందికే వస్తుందని కాగితం మీద ఉంది. మొదటిసారి. డబ్బు తర్వాత పెంచుకోవచ్చు. ఇది ఇప్పుడు వదిలితే రేపు టీవీ మొత్తం అటు పోతుంది, మనం బయట నిలబడతాం." తర్వాత గొంతు తగ్గించి, "నా హెల్త్ ఇన్సూరెన్స్ పోబోతోంది" అంది. గిల్డ్ ఇన్సూరెన్స్ నిలవాలంటే ఇంత సంపాదన ఉండాలని లెక్క ఉంటుంది. మూడు నెలలుగా ఆమెకి సంపాదనే లేదు.

"భయపడి సంతకం పెట్టే కాగితం ఎప్పుడూ మంచిది కాదు" అన్నాడాయన.

"1985లో నువ్వు దేనికి ఓటేశావు?"

నేను చారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పెద్దాయన చాలాసేపు కాగితం వైపే చూశాడు. "ఆపేద్దామనే" అన్నాడు చివరికి. "ఇంటి మీద అప్పుంది. నీకు ఎనిమిదేళ్ళు."

ఆ తర్వాత ఎవరూ వాదించలేదు. ఆమె కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. నేను అన్నం పెట్టాను, ఇద్దరూ తిన్నారు. ఆయన రెండోసారి చారు పోయించుకున్నాడు.

మర్నాడు ఆ అమ్మాయి స్నేహితుడు ఒకతను వచ్చాడు, అతనూ రైటరే. "మీ నాన్నకి సొంత ఇల్లుంది, పెన్షన్ వస్తుంది. ఆయన 'నో' అనడంలో కష్టమేముంది?" అన్నాడు. పక్క గదిలో ఉన్న పెద్దాయనకి వినపడే ఉంటుంది. ఆ స్నేహితుడి మీద నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. వందో రోజుకి అందరూ అలిసిపోయి ఉన్నారు, అది ఒప్పుకుంటాను. జనవరిలో గోల్డెన్ గ్లోబ్స్ వేడుకే రద్దయింది, ఆస్కార్లు దగ్గరపడుతున్నాయి, ఊళ్ళో కెమెరామన్ల దగ్గర్నుంచి క్యాటరింగ్ వాళ్ళ దాకా పని లేదు. అయినా సరే, ఒప్పందం బాగాలేదన్నవాణ్ణి స్వార్థపరుడు అనడం తప్పు. హార్లన్ ఎల్లిసన్ అంతటి పేరున్న రచయిత కూడా ఈ ఒప్పందాన్ని బహిరంగంగానే తిట్టిపోశాడు. ఇలాంటి పెద్దవాళ్ళు పాత దెబ్బ గుర్తున్నందుకే మాట్లాడారు.

ఫిబ్రవరి 12న సమ్మె ఆపాలా వద్దా అని ఓటింగ్ పెట్టారు. ఇద్దరూ ఒకే కారులో వెళ్ళారు. ఆయనే నడిపాడు. ఆమె 'ఎస్', ఆయన 'నో'. మొత్తం 3,775 ఓట్లలో 3,492 ఆపుదామన్నవి. 283 వద్దన్నవి. పేపర్లలో 92.5 శాతం అని వచ్చింది. ఆ అంకె చూసి, గొడవేమీ లేదు, పిడికెడు మంది మొండివాళ్ళు తప్ప అందరూ సంతోషంగా ఉన్నారని ఈ రోజుకీ రాస్తుంటారు. అది నిజం కాదు. ఆ అమ్మాయి 'ఎస్' వేసి వచ్చి గదిలో ఏడ్చింది. 'ఎస్' అన్నవాళ్ళలో సగం మంది అలాగే ఉన్నారని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. నన్నడిగితే సమ్మె గెలిచింది. ఇంటర్నెట్ కోసం రాసే పని గిల్డ్ పరిధిలోకి రాకపోయి ఉంటే, ఇవాళ స్ట్రీమింగ్ కంపెనీలకి రాస్తున్నవాళ్ళ గతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఆ రోజు నాకు ఓటుంటే 'ఎస్' అనే వేసేవాణ్ణి. కానీ డబ్బు లెక్కలో పెద్దాయన మాటే నిజమైంది. జనం స్ట్రీమింగ్‌కి మళ్ళారు, రెసిడ్యువల్స్ చిక్కిపోయాయి, 2023లో మళ్ళీ రోడ్డెక్కాల్సి వచ్చింది. 2008లో ఆ 283 మంది నోరు మూసుకుని ఉంటే 2023లో 148 రోజులు నిలబడే పట్టుదల ఉండేది కాదు. ఇందులో నాకు సందేహం లేదు. 'ఎస్' అన్నవాళ్ళు ఆ నెల గడిచేలా చూశారు. 'నో' అన్నవాళ్ళు ఏం మిగిలిపోయిందో మర్చిపోనివ్వలేదు. రెండూ కావాలి.

మన దగ్గర అసలు ఈ గొడవ పడేందుకే అవకాశం లేదు, నాకు అది ఇంకా బాధ. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమా హాల్లో కాకుండా ఇంకెక్కడ వాడుకున్నా రాయల్టీలో రచయితకి సమాన వాటా రావాలి, ఆ హక్కుని నిర్మాతకి రాసిచ్చేయడం చెల్లదు అని స్పష్టంగా ఉంది. రాజ్యసభలో దాని కోసం జావేద్ అఖ్తర్ గట్టిగా మాట్లాడారు. హైదరాబాద్‌లో సీరియల్స్‌కి డైలాగులు రాసే నా మిత్రుణ్ణి దీని గురించి అడిగితే, "ఎపిసోడ్‌కి ఇంత అని ఇస్తారు, అదీ మూడు నెలలు ఆలస్యంగా. వాటా అడిగితే రేపటి నుంచి ఇంకొకడు రాస్తాడు" అన్నాడు. అతను రాసిన సీరియల్ మధ్యాహ్నాలు మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. ఒక్క రూపాయి రాలేదు. ఒప్పందం బాగుందా లేదా అని కొట్టుకోవాలంటే ముందు చేతిలో ఒక ఒప్పందమంటూ ఉండాలి కదా!

2023 సంగతి కూడా చెప్పాలి. ఈసారి ఒప్పందానికి 8,435 మంది 'ఎస్', 90 మంది 'నో'. 99 శాతం. స్ట్రీమింగ్‌లో వచ్చిన షో మొదటి 90 రోజుల్లో, దేశంలో ఆ కంపెనీ చందాదారుల్లో 20 శాతం మంది చూసినంత హిట్టయితే, రెసిడ్యువల్స్ మీద అదనంగా సగం బోనస్. పెద్దాయన అడిగింది ఇలాంటిదే, చూసినవాళ్ళని బట్టి డబ్బు. ఏఐ రాసిన దానికి రచయిత హోదా లేదని కూడా రాయించుకున్నారు. కానీ రచయితల పాత స్క్రిప్టులతో ఏఐకి ట్రైనింగ్ ఇవ్వకూడదని నేరుగా నిషేధం మాత్రం సాధించలేకపోయారు. దాన్ని సవాలు చేసే హక్కు మాకుంది అని అట్టిపెట్టుకున్నారు, అంతే. నాకైతే అది 1985 నాటి క్యాసెట్ వాక్యంలాగే కనిపిస్తోంది. ఆ అమ్మాయికి ఇప్పుడు నలభై దాటాయి. ఈసారీ 'ఎస్' అనే వేసింది. ఆమె దగ్గర పనిచేసే కుర్ర రైటర్ ఒకడు 'నో' వేస్తే, అతనితో వాదించలేదట. ఇంటికి పిలిచి భోజనం పెట్టిందట.

పెద్దాయన 2014లో పోయారు. రెసిడ్యువల్స్ వారసులకి కూడా వస్తాయి కాబట్టి ఆయన పేరు మీద ఆకుపచ్చ కవర్లు ఇంకా వస్తున్నాయి. కిందటేడు ఆ అమ్మాయి ఒకటి ఫోటో తీసి పంపింది. మూడు డాలర్ల పన్నెండు సెంట్లు. చెక్కు బ్యాంకులో వెయ్యకుండా ఆ చెప్పుల డబ్బాలోనే పెట్టానంది.