టెస్ట్ కార్డును నమ్మి లక్షల ఎయిర్ రైఫిల్ కొనకండి

మా అబ్బాయికి పది మీటర్ల షూటింగ్ కోసం ఖరీదైన ఎయిర్ రైఫిల్ కొనబోతున్నాం, ఫైన్‌వెర్క్‌బౌ, వాల్టర్, అన్‌షుట్జ్, స్టెయిర్‌లలో ఏది తీసుకోవాలి, అంత డబ్బు పెట్టాక ఇక నాణ్యత గురించి ఆలోచించనక్కర్లేదా అని అడిగారు. కంపెనీ సంగతి నన్ను అడగకండి. నాలుగింటి బ్యారెళ్లూ ట్రిగ్గర్లూ మన పిల్లల చేతులకంటే ఎన్నో రెట్లు నికరమైనవి. ఆలోచించాలా వద్దా అన్నదానికి మాత్రం గట్టిగా చెబుతాను: తప్పకుండా ఆలోచించాలి. ఆ రైఫిళ్లలో ఉక్కు చెడదు, గాలి నడిచే దారి చెడుతుంది.

నేను షూటర్‌ని కాను. విజయవాడలో ఇరవై ఆరేళ్లు బస్సుల ఎయిర్ బ్రేకులు బాగుచేశాను. షూటింగ్ మా అమ్మాయిది. బస్సు బ్రేకుల్లో గాలి ఒత్తిడి 8 బార్ దగ్గర ఉంటుంది, రైఫిల్ సిలిండర్‌లో 200 బార్ ఉంటుంది. అంకె ఎంత పెరిగినా గాలి స్వభావం మారదు. సందు దొరికితే పోతుంది, తేమ ఉంటే నీరవుతుంది, రబ్బరును తింటుంది.

నాలుగేళ్ల కిందట ఏడు నెలలు ఎదురుచూస్తే ఐరోపా నుంచి మా రైఫిల్ వచ్చింది. పేరు చెప్పను. పెట్టెలో టెస్ట్ కార్డు ఉంది. ఫ్యాక్టరీలో రైఫిల్‌ను బిగించి పది మీటర్ల నుంచి కాల్చిన ఐదు పెల్లెట్లు ఒకే రంధ్రంలోంచి పోయాయి. అమ్మాయి ఆ కార్డుకు అద్దం కట్టించుకుంది. మే నెల రాత్రి, హాల్లో 38 డిగ్రీల వేడిలో చేతి పంపుతో 200 బార్ దాకా నింపి, ఏసీ గదిలో పెట్టి పడుకున్నాం. తెల్లవారి చూస్తే గేజి 130 మీద ఉంది.

అమ్మినవారికి ఫోను చేశాను. ‘ఏసీ గదిలో పెట్టారు కదండీ, చల్లబడితే గేజి పడిపోతుంది’ అన్నారు. చల్లబడితే ఒత్తిడి తగ్గుతుందని నాకూ తెలుసు. ఎంత తగ్గుతుందో లెక్క కూడా తెలుసు. 38 డిగ్రీల నుంచి 24 డిగ్రీలకు వస్తే 200 బార్ 191 అవుతుంది. తొమ్మిది బార్ వాతావరణం తీసుకుంది, ఒప్పుకుంటాను. మిగతా అరవై ఒకటి ఎవరు తీసుకున్నారు? సబ్బు నీళ్లు పూశాను. గాలి ఒత్తిడిని అదుపుచేసే రెగ్యులేటర్ దగ్గరి అతుకులో ఆవగింజంత బుడగ లేచి, పగిలి, మళ్లీ లేచింది. గాలంతా వదిలేసి విప్పితే, అతుకులో గాలిని ఆపే రబ్బరు ఓ-రింగ్ అంచున గోటి గాటు లాంటి కోత కనిపించింది. బిగించేటప్పుడు మర అంచుకు రాసుకుపోయిందన్నమాట. ఆటోనగర్‌లో సీళ్ల దుకాణానికి వెళ్లి వెర్నియర్‌తో కొలిపించి, షోర్ కొలతలో 90 గట్టిదనం ఉన్న నైట్రైల్ రబ్బరు రింగు తెచ్చాను. పన్నెండు రూపాయలు. సిలికాన్ గ్రీజు పూసి వేశాను. మర్నాటికి గేజి కదల్లేదు.

అసలు కథ ఆ తర్వాతిది. పోటీల్లో అమ్మాయి షాట్లు ఉన్నట్టుండి పైకి పోయేవి. వరుసగా 10.4, 10.5 పాయింట్లు కొడుతూ మధ్యలో ఒకటి 9.7. కోచ్ గారు ‘ఊపిరి బిగబడుతోంది, చెంప సరిగ్గా ఆనడం లేదు’ అనేవారు. ఆ పిల్ల రాత్రిళ్లు అద్దం ముందు ఖాళీ రైఫిల్ పట్టుకుని అరగంటసేపు నిలబడేది. చూడలేకపోయాను. ఎలక్ట్రానిక్ టార్గెట్ ప్రింటులో ప్రతి షాట్ పక్కన సమయం పడుతుంది. ఆ కాగితాలన్నీ ముందు వేసుకుని, మూడు నిమిషాలకు మించి ఆగిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టాను. పైకి పోయిన షాట్లన్నీ ఆ గీతల పక్కనే ఉన్నాయి. అమ్మాయి ఆగి నీళ్లు తాగి వచ్చిన ప్రతిసారీ మొదటి షాట్ పన్నెండు గంటల దిక్కుకు పోయింది. మనిషి తప్పయితే కుడికీ ఎడమకీ కూడా పోవాలి కదా?

ఒక ఆదివారం సాధన అయ్యాక రేంజి వారిని అడిగి, బెంచి వైస్ తీసుకెళ్లి, దవడలకు తోలు చుట్టి రైఫిల్ బిగించాను. ఐదు షాట్లు వెంటవెంటనే కాల్చితే టెస్ట్ కార్డులాగే ఒకే రంధ్రం. తర్వాత పది నిమిషాలు ఆగి ఒకటి, మళ్లీ పది నిమిషాలు ఆగి ఒకటి. అలా ఐదుసార్లు చేశాను. ఐదూ పైకే. కోచ్ గారు పక్కనే నిలబడి చూశారు. ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు అమ్మాయి తల మీద చెయ్యి వేసి వెళ్లారు.

దీన్ని రెగ్యులేటర్ క్రీప్ అంటారు. సిలిండర్‌లో 200 బార్ ఉన్నా 100 ఉన్నా, పెల్లెట్‌ను తోసే లోపలి చిన్న అరకు మాత్రం ఎప్పుడూ ఒకే ఒత్తిడితో గాలి అందించడం రెగ్యులేటర్ పని. లోపల పిస్టన్, గిన్నెల్లా ఒంపు తిరిగిన వాషర్ల దొంతర, మూసుకునే సీటు ఉంటాయి. సీటు పూర్తిగా మూసుకోకపోతే గాలి సన్నగా చేరుతూనే ఉంటుంది. ఎంతసేపు ఆగితే ఒత్తిడి అంత ఎక్కువ, పెల్లెట్ వేగమూ అంత ఎక్కువ. పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల బదులు 178 మీటర్ల వేగంతో వెళితే పది మీటర్లలో అది ఒకటిన్నర మిల్లీమీటర్లు తక్కువ కిందికి దిగుతుంది. టార్గెట్‌లో పది చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. వలయానికీ వలయానికీ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు. ఒకటిన్నర తేడా అంటే 10.3 రావలసింది 9.7 అవుతుంది.

వారంటీ కింద పంపాను. నాలుగు నెలల తర్వాత ‘లోపం లేదు’ అన్న చీటీతో, కొత్త టెస్ట్ కార్డుతో తిరిగి వచ్చింది. మళ్లీ ఐదు షాట్లు, మళ్లీ వెంటవెంటనే! నా కోపమంతా అక్కడే. అర్హత పోటీలో 60 షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు, అంటే షాటుకు 75 సెకన్లు. మనసు కుదరనప్పుడు పిల్లలు ఐదు నిమిషాలు కూడా ఆగుతారు. ఆగకుండా కాల్చి పరీక్షించడం ఆ ఆటకు సంబంధించిన పరీక్షే కాదు. బ్రేకు వేసి బస్సును రాత్రంతా నిలబెట్టి పొద్దున్నే గేజి చూడందే మేము డిపోలోంచి బండిని బయటికి పంపేవాళ్లం కాదు.

చివరికి నేనే విప్పాను. సీటు ముఖం మీద వెంట్రుకకంటే సన్నని ఇత్తడి తురుము గుచ్చుకుని ఉంది. మర కోసిన తర్వాత భాగాన్ని సరిగ్గా కడగలేదు, అంతే. ఆ తురుము ఇప్పటికీ అగ్గిపెట్టెలో దాచి ఉంచాను.

టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ అర్హత పోటీ మధ్యలో చెడిపోయింది. బాగుచేసుకుని వచ్చి 575 కొట్టింది, రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ అవకాశం పోయింది. అప్పుడు ఎన్ని మాటలు అన్నారు ఆ అమ్మాయిని! 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చాక నోళ్లు మూతపడ్డాయి. ఆయుధం తప్పును మనిషి మీద వేయడం మనకు అలవాటైపోయింది.

తప్పంతా ఫ్యాక్టరీదే అని కూడా అనను, మనం నింపే గాలి మరీ ఘోరం. ఆగస్టు, సెప్టెంబరులో కృష్ణ ఒడ్డున గాలి తడిబట్టలా ఉంటుంది. 200 మిల్లీలీటర్ల సిలిండర్‌ను 200 బార్ దాకా నింపితే 40 లీటర్ల బయటి గాలి లోపలికి వెళుతుంది. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉంటే అందులో ముప్పావు గ్రాముకు పైగా నీరు ఉంటుంది. అంత ఒత్తిడిలో అది ఆవిరిగా ఉండలేదు. కొంత పంపులో ఆగుతుంది, మిగతాది రైఫిల్‌లోకి పోతుంది. బస్సు ట్యాంకు కింద కుళాయి తిప్పి ప్రతి ఉదయం నీళ్లు వదిలేవాళ్లం. రైఫిల్‌కు అలాంటి కుళాయి లేదు. సిలికా జెల్ వడపోత ఉన్న పంపు వాడండి, జెల్ రంగు మారగానే మార్చండి. ఎవరైనా పారిశ్రామిక ఆక్సిజన్ నింపుతామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఆ ఒత్తిడిలో ఆక్సిజన్‌కు గ్రీజు తగిలితే పేలుతుంది.

జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిన ఊరు మాది. విలువిద్యకు ఇక్కడ గురువులున్నారు, విల్లు సరిచేసేవాళ్లున్నారు. ఎయిర్ రైఫిల్ సీలు మార్చేవాడు మాత్రం కృష్ణా, గుంటూరు జిల్లాలు రెండూ కలిపి వెదికినా నాకు దొరకలేదు. పన్నెండు రూపాయల రింగు కోసం లక్షల వస్తువును ఊళ్లు దాటించి నెలల తరబడి ఎదురుచూడాలా?

మీరు చేయవలసింది చెబుతాను. డబ్బు మొత్తం చెల్లించే ముందు 200 బార్ నింపించి, ఒకే వేడి ఉన్న గదిలో ఒక రాత్రి ఉంచి గేజి చూడండి. తర్వాత బిగించి, పదేసి నిమిషాలు ఆగుతూ ఐదు షాట్లు కాల్చమనండి. వాడినది కొంటుంటే సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ చూడండి. దాని ఆయుష్షు పదేళ్లని తయారీదారులే చెబుతారు, గడువు దాటినదానితో పోటీకి వెళితే బాధ్యత షూటర్‌దే. ఈ పరీక్షలకు ఒప్పుకోని వారి దగ్గర కొనవద్దు, ఎంత పేరున్న రైఫిల్ అయినా సరే.

మొన్న గుంటూరు నుంచి ఒక అబ్బాయి కొత్త రైఫిల్‌తో వచ్చాడు. రాత్రి పరీక్ష వాళ్ల ఇంట్లోనే చేయమన్నాను. పొద్దున తొమ్మిదింటికి ఫోను చేశాడు, గేజి 198 మీద ఉందట. ఇక పది నిమిషాల పరీక్ష మిగిలింది. వచ్చే ఆదివారం వైస్ తీసుకుని నేనే గుంటూరు వెళుతున్నాను.