ఊరు కాని ఊళ్లో చిన్న గోల్ఫ్ కోర్సు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, ఆఫీసు పని మీద నెలకి రెండు మూడు ఊళ్లు తిరుగుతుంటా. గోల్ఫ్ మొదలుపెట్టి మూడేళ్లయింది. వెళ్లినచోటల్లా తక్కువ ఫీజులో ఏదో ఒక చిన్న కోర్సు ఉంటోంది గానీ నాకు మెంబర్‌షిప్ లేదు, తోడెవరూ ఉండరు, ఫ్లైట్‌లో కిట్ మోసుకెళ్లడం ఇంకో తలనొప్పి. ఒక్కడినే వెళ్తే ఆడనిస్తారా? అలాంటిచోట గ్రౌండ్ బాగోదంటారు, టైమ్ వేస్ట్ అవుతుందేమోనని ఆగిపోతున్నా.

జవాబు: ఆగకండి, వెళ్లండి. ఒక్కరే అయితే చోటు దొరకడం ఇంకా తేలిక, ముగ్గురు బుక్ చేసుకున్న గ్రూపులో నాలుగో ఖాళీ ఉంటే స్టార్టర్ (ఎవరు ఎప్పుడు మొదలుపెట్టాలో చూసే ఉద్యోగి) మిమ్మల్ని అందులో కలిపేస్తాడు. ముందురోజే ఫోన్ చేసి బయటివాళ్లని ఏ టైమ్‌లో ఆడనిస్తారు, టోర్నమెంట్ ఏమైనా ఉందా, క్లబ్బులు (బాల్ కొట్టే కర్రలు) అద్దెకిస్తారా అని కనుక్కోండి. గ్రీన్స్‌కి, అంటే హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డికి, చిల్లులు పొడిచి ఇసుక వేసే పని ఈ వారం ఉందా అని కూడా అడగండి, ఉంటే ఆ రోజు పుటింగ్ (బాల్‌ని హోల్లోకి దొర్లించడం) మీద ఆశ వదులుకోవాల్సిందే. సాయంత్రం స్లాట్‌కి చాలాచోట్ల ఫీజు తగ్గుతుంది.

కిట్ సంగతికొస్తే, బ్యాగులో 14 క్లబ్బులు మించకూడదన్నదే రూలు, 14 ఉండి తీరాలని ఎక్కడా లేదు. నేనైతే ప్రయాణంలో ఏడే పట్టుకెళ్తా: దూరం కొట్టడానికి ఒక వుడ్, ఒక హైబ్రిడ్, మధ్య దూరాలకి రెండు ఐరన్లు, దగ్గర్నుంచి బాల్ పైకి లేపడానికి రెండు వెడ్జ్‌లు, దొర్లించడానికి పుటర్. అద్దె సెట్ తీసుకున్నా సరే షూస్, గ్లవ్, బాల్స్ మాత్రం మీవే ఉండాలి, అలవాటు లేని షూతో 18 హోల్స్ నడిస్తే మర్నాడు ఆఫీసులో తెలుస్తుంది.

ఇక గ్రౌండ్. చవకగా ఆడనిచ్చేచోట గ్రీన్స్ మీద గడ్డి కాస్త ఎత్తుగా ఉంటుంది, బాల్ నెమ్మదిగా పోతుంది, అందుకని ముందు ప్రాక్టీస్ గ్రీన్ మీద పావుగంట పొడుగు పుట్స్ కొట్టి చేతికి ఆ వేగం అలవాటు చేసుకోండి, లేకపోతే మొదటి నాలుగు హోల్స్‌లో బాల్ హోల్ దాకా వెళ్లకుండానే ఆగిపోతుంది. గ్రీన్ చుట్టూ గడ్డి లేని గట్టినేల ఉంటే బాల్ పైకి లేపకండి, పుటర్‌తో దొర్లించండి. బంకర్లో ఇసుక పల్చగా ఉంటే శాండ్ వెడ్జ్ నేలకి తగిలి ఎగిరిపోతుంది, అక్కడ పిచింగ్ వెడ్జ్ నయం. ఇవన్నీ మంచి లాన్ మీద ఆడితే వచ్చే విద్యలు కావు, నాకైతే ఇలాంటి కోర్సులంటే ఇష్టం ఇందుకే. పబ్లిక్ కోర్సంటే చిన్నచూపు కూడా వద్దు, 2002లో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టోర్నమెంట్ ఆడిన బెత్‌పేజ్ బ్లాక్ పబ్లిక్ కోర్సే, 2008లో ఆడిన టోరీ పైన్స్ కూడా అంతే.

మీతో ఆడే ముగ్గురూ అక్కడి పాతకాపులే అయ్యుంటారు. జెండా ఎంత దూరం, అవతల బంకర్ ఉందా అని వాళ్లని అడగడం రూల్ ప్రకారం తప్పు కాదు, ఏ క్లబ్బు తియ్యాలి అని మాత్రం అడక్కూడదు. బాల్ పోతే వెతకడానికి మూడు నిమిషాలే, 2019కి ముందు ఐదుండేది. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, గ్రీన్ మీద మీ బాల్ పడిన గుంట మీరే సరిచెయ్యండి, బంకర్లో అడుగులు మీరే చదును చెయ్యండి, ఇలాంటిచోట పనివాళ్లు తక్కువమంది ఉంటారు.

ప్రశ్న: కొత్త కోర్సులో నా హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని బట్టి స్కోర్‌లోంచి తీసేసే స్ట్రోకులు) ఎంతని రాసుకోవాలి?

జవాబు: స్కోర్ కార్డు మీద స్లోప్ నంబర్ చూడండి, మామూలు ఆటగాడికి కోర్సు ఎంత కష్టమో అది చెప్తుంది, 55 నుంచి 155 దాకా ఉంటుంది, మామూలు లెక్క 113. మీ ఇండెక్స్‌ని (ఏ కోర్సుకైనా వర్తించే మీ హ్యాండిక్యాప్ నంబర్) స్లోప్‌తో గుణించి 113తో భాగించండి, కోర్స్ రేటింగ్‌లోంచి (బాగా ఆడేవాడికి అక్కడ వచ్చే స్కోర్ అంచనా) పార్ (కోర్సుకి పెట్టిన స్ట్రోకుల లెక్క) తీసేస్తే వచ్చేది దానికి కలపండి. ఇండెక్స్ 18, రేటింగ్ పార్‌తో సమానం అనుకుందాం, స్లోప్ 130 అయితే 21 వస్తుంది, 100 అయితే 16. టీ (ప్రతి హోల్లో మొదటి షాట్ కొట్టే చోటు) రంగు మారితే ఈ నంబర్లూ మారతాయి, అందుకే ముందు ఏ టీ నుంచి ఆడతారో తేల్చుకుని అప్పుడు లెక్క వేసుకోండి.