సునామీ సాయం లెక్క తేల్చడానికి వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

సునామీ తర్వాత సాయం ఎలా అందిందో మదింపు చేసే బృందంలో నువ్వూ ఉన్నావని తెలిసి చాలా సంతోషమైంది. ఎంత ఖర్చయింది, ఎన్ని ఇళ్లు కట్టారన్న లెక్కలు ఆఫీసుల్లోనే చేతికిస్తారు. తీసుకో, కానీ అక్కడితో ఆగకు.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత డబ్బుకు కొదవ లేదు. నలభైకి పైగా సంస్థలు కలిసి చేయించిన ఉమ్మడి మదింపు 2006లో వచ్చింది. బాధితుల తలకు 7,100 డాలర్లకు పైగా సమకూరాయని, 2004లోనే వచ్చిన బంగ్లాదేశ్ వరదల బాధితులకు దక్కింది తలకు 3 డాలర్లేనని అందులో ఉంది. అంత డబ్బుండీ నాగపట్నం తీరంలో జనం తారు షీట్ల తాత్కాలిక గుడిసెల్లో ఎండకు ఉడికిపోయారు.

పడవల సంగతే తీసుకో. ఇండోనేషియాలోని ఆచేలో, శ్రీలంకలో దాతలు పోటీపడి పంచారు. చాలావి మరీ చిన్నవి, కొన్ని సముద్రానికి పనికిరానివి. కాగితం మీద మాత్రం అన్నీ ‘అందజేసినవే’. అందుకని పడవ దగ్గరికే వెళ్లు. పోయిన వారం వేటకు వెళ్లిందా, ఇంజను ఉందా, వల ఎవరిది అని అడుగు. కొత్త ఇంటికి వెళితే మరుగుదొడ్డి తలుపు తీసి చూడు. నీళ్లు రాకపోతే లోపల కట్టెలూ పాత వలలూ ఉంటాయి. సముద్రం ఎంత దూరమో నడిచి తెలుసుకో. శ్రీలంకలో తీరం నుంచి కొన్నిచోట్ల 100, మరికొన్నిచోట్ల 200 మీటర్ల లోపు కట్టొద్దన్నారు. వేటకు వెళ్లేవాళ్లకు ఆ దూరం ఎంత భారమో వాళ్లే చెప్పాలి.

సాయం అందినవాళ్ల జాబితాలో ఉన్నవాళ్లను నీకు ఆఫీసువాళ్లే చూపిస్తారు. లేనివాళ్లను నువ్వే వెతుక్కోవాలి. తమిళనాడులో మొదట అందరి చూపూ పడవల మీదే. చేపలమ్మే ఆడవాళ్లు, ఉప్పుమళ్ల కూలీలు, పొలాల్లో ఉప్పునీరు నిలిచి పని పోయిన దళిత కూలీలు వెనకబడిపోయారు. ఊరి సమావేశంలో మగవాళ్లే జవాబులు చెప్పేస్తారమ్మా. ఆడవాళ్ల దగ్గర విడిగా, వాళ్లకు తీరికైన వేళ కూర్చో.

మొదటి గంటల్లో ప్రాణాలు కాపాడింది ఎవరని తప్పకుండా అడుగు. 2004లో ఎక్కువమందిని కాపాడింది ఇరుగుపొరుగే. తర్వాత వచ్చిన పెద్ద సంస్థలు వాళ్లను కలుపుకున్నాయా, పక్కకు నెట్టాయా? నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే.

నివేదిక రాశాక ముందు ఆ ఊళ్లోనే, వాళ్ల భాషలో చదివి వినిపించు. తప్పంటే దిద్దు. దాతకు ఆ తర్వాతే పంపు. బయల్దేరేలోపు నీ ప్రశ్నల పట్టిక ఒకసారి నాకు చూపించు.

ఆశీస్సులతో,
పెదనాన్న