గ్రీకును తెలుగు మీదుగా నేర్చుకోండి

మూడు నెలల్లో ఏథెన్స్‌కు కాపురం మారుస్తున్నాం, ఇంగ్లీషుతో నెట్టుకురాగలమా అని అడిగారు. మ్యూజియంలోనూ పెద్ద హోటల్లోనూ నెట్టుకురావచ్చు. పన్ను సంఖ్య కోసం దరఖాస్తు నింపేటప్పుడు, మెట్ల మీద పక్కింటి అవ్వ ఆపి పలకరించినప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్కరకు రాదు. ఆ పన్ను సంఖ్యను అక్కడ 'ఆఫిమి' అంటారు. అది లేనిదే ఇల్లు అద్దెకు దొరకదు కాబట్టి మొదట ఆ మాటే నేర్చుకోండి.

గ్రీకు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవద్దు. నేను ఏడాది పాటు చేసిన తప్పు అదే. ఇంగ్లీషు 'టీ' అక్షరం కనపడితే మన నోటికి 'ట' వస్తుంది, గ్రీకులో ఉన్నది మన 'త'. 'ఎఫ్ఖరిస్తో' అని తెలుగులో రాసుకుని చదవండి, మీ కృతజ్ఞత సరిగ్గా అందుతుంది. లెక్కల్లో చదువుకున్న అక్షరాలు గుర్తుపట్టడానికే పనికొస్తాయి. బీటా అక్కడ 'వీతా', పై 'పి', మ్యూ 'మి'.

తెలుగు ఆదుకోని చోటు ఒకటుంది. మన మాటల్లో ఏ అక్షరాన్ని ఒత్తి పలికినా అర్థం మారదు. అక్కడ 'పోతె'లో 'పో'ను ఒత్తితే 'ఎప్పుడు', 'తె'ను ఒత్తితే 'ఎన్నటికీ లేదు'. కుళాయి బాగుచేసే ఆయనను ఎప్పుడొస్తారని అడగబోయి, మీరు ఎన్నటికీ రారు అన్నాను. ఆయన నవ్వాడు. వచ్చింది మాత్రం రెండు వారాల తర్వాతే. ఒత్తవలసిన అచ్చు మీద వాళ్లు చిన్న గీత పెడతారు, మీ నోటు పుస్తకంలోనూ పెట్టుకోండి.

మూడు లింగాలని విని బెదిరిపోకండి. కుర్చీ స్త్రీలింగం కావడం విడ్డూరమే, కానీ అమ్మాయి అనే మాట ('కొరీత్సి') నపుంసకలింగమంటే ఇంగ్లీషు వాళ్లు నోరు తెరుస్తారు. బస్సూ వచ్చింది, అమ్మాయీ వచ్చింది అనే మనకు అందులో వింతేముంది? 'నీకోస్' అనే అతన్ని పిలిచేటప్పుడు 'నీకో' అనాలి, రాముణ్ణి 'రామా' అన్నట్టు. 'నువ్వు'కు 'ఎసీ', 'మీరు'కు 'ఎసీస్'. ఆఫీసులోనూ పెద్దవాళ్లతోనూ రెండోదే వాడండి.

నన్ను ఎక్కువగా తికమకపెట్టినవి తలా చేతులే. 'అవును'ను 'నే' అంటారు, హిందీ తెలిసిన చెవికి అది 'నహీ'లా తగులుతుంది. తల కొంచెం పైకెత్తి నాలుకతో 'త్చ్' అన్నారంటే కాదని. మనం 'ఏమిటి?' అని తల ఎగరేసినట్టే ఉంటుంది. మందుల షాపులో అది ప్రశ్న అనుకుని అదే మందు పేరు నాలుగుసార్లు చెప్పాను. లేదని చెప్పి చెప్పి అలసిన ఆ మనిషి ముఖం ఇప్పటికీ గుర్తే. ఇక ఐదు వేళ్లూ చాచి అరచేతిని ఎదుటివారి ముఖం వైపు తోయకండి. మనకది ఆగమనే సైగ, వాళ్లకు పచ్చి తిట్టు.

దిష్టి సంగతి చెప్పనక్కర్లేదు. మీ పాపను ముద్దు చేసి 'ఫ్తూ ఫ్తూ ఫ్తూ' అంటే నొచ్చుకోకండి, మన అమ్మమ్మలు చేసే పనే అది.

శాకాహారులైతే 'నిస్తీసిమో' అనే మాట పట్టుకోండి. ఈస్టర్‌కు ముందు వాళ్ల ఉపవాసాల్లో తినే వంట అది. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. అయితే ఆక్టోపస్, రొయ్యలు ఆ ఉపవాసానికి అడ్డు కావు, కాబట్టి ఆ పదం ఒక్కటే నమ్ముకుని పళ్లెం ముందు కూర్చోవద్దు. 'ఫసొలాద' అనే చిక్కుడు గింజల పులుసు మనకు బాగా నప్పుతుంది, కాస్త ఎండుమిరప తాలింపు పెడితే ఇంకా బాగుంటుంది.

మిక్సీ తీసుకెళ్లండి. వేసవిలో మధ్యాహ్నం 3 నుంచి 5.30 దాకా నిశ్శబ్ద వేళ, అప్పుడు మాత్రం పచ్చడి రుబ్బకండి. నేను రుబ్బాను. కింది అంతస్తు వాళ్లు చీపురు కర్రతో పైకప్పు మీద పొడుస్తూ చెప్పింది ఏ నిఘంటువూ లేకుండానే అర్థమైంది.