మూడో గేర్ నుంచి నాలుగు వేయబోతే రెండులో పడింది: ఇంజిన్‌కి ఏమైనా అయి ఉంటుందా?

బండి మామూలుగానే నడుస్తోంది, చెక్ ఇంజిన్ లైట్ కూడా రాలేదు అని రాశారు కదా, ఆ ధైర్యంతో మళ్లీ 6,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు, దాన్నే రెవ్ అంటాం) దాటించకండి. ముందు వాల్వ్ కవర్, అంటే సిలిండర్లలోకి గాలి రానిచ్చి పొగ బయటికి పంపే వాల్వుల మీద ఉండే మూత, విప్పి చూడాలి. మీది 2002 హోండా ఎస్2000, హైవే ర్యాంప్ మీద మూడో గేర్‌లో 8,500 దాకా లాగి నాలుగు వేయబోతే రెండులో పడింది, వెంటనే క్లచ్ తొక్కేశాను అన్నారు. నా దగ్గరా అదే తరం బండి ఉంది, టెక్సస్‌లో ట్రాక్ డేలకి తీసుకెళ్తుంటాను. ఇలాంటి దెబ్బ తిన్న ఇంజిన్‌ని దగ్గరుండి విప్పించి చూశాను కాబట్టి చెప్తున్నాను.

రెవ్ హద్దు దాటకుండా చూసే రెవ్ లిమిటర్ ఉంది కదా, అది ఆపదా అని అడిగారు. ఆపలేదు. లిమిటర్ చేతిలో ఉన్నది పెట్రోల్ కట్ చేయడం ఒక్కటే. యాక్సిలరేటర్ నొక్కి రెవ్ పెంచితే అది అడ్డుపడుతుంది, కానీ రెండో గేర్ పడి క్లచ్ వదిలాక ఇంజిన్‌ని తిప్పేది పెట్రోల్ కాదు, వెనక చక్రాలు. మీ గేర్‌బాక్స్‌లో రెండో గేర్ నిష్పత్తి 2.045, మూడోది 1.481, నాలుగోది 1.161. 8,500 దగ్గర నాలుగు సరిగ్గా పడి ఉంటే రెవ్ 6,660 దగ్గరికి దిగేది. రెండు పడితే 11,700 వైపు పరుగెత్తుతుంది. రెడ్‌లైన్, అంటే దాటకూడని రెవ్, 9,000 దగ్గర ఉన్న ఇంజిన్ అది. పిస్టన్లు, రాడ్ బోల్టుల మీద పడే లోడు రెవ్ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది, అంటే రెవ్ 30 శాతం ఎక్కువైతే లోడు దాదాపు 70 శాతం ఎక్కువ. మీరు వెంటనే క్లచ్ తొక్కారు కాబట్టి అంతదాకా వెళ్లకపోయి ఉండొచ్చు, క్లచ్ కొంచెం జారి ఉంటుంది, టైర్లు కీచుమని ఉంటాయి. ఎంతదాకా వెళ్లిందో మాత్రం డాష్‌లోని మీటర్ చూసి చెప్పలేం.

ఈ ఇంజిన్‌లో రెండు రకాల నష్టం జరుగుతుంది. ఒకటి అందరికీ తెలిసిందే, స్ప్రింగులు ఆ వేగానికి వాల్వులని టైముకి మూయలేవు, పైకొచ్చే పిస్టన్ వాల్వ్‌కి తగిలి అది వంగుతుంది. ఇది వెంటనే బయటపడుతుంది, ఐడిల్‌లో వణుకు వస్తుంది, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) పడిపోతుంది. రెండోది నన్ను ఎక్కువ భయపెట్టేది, వాల్వ్ రిటైనర్ పగలడం. స్ప్రింగ్ పైన కూర్చునే చిన్న స్టీలు బిళ్ల అది, మధ్య రంధ్రంలో రెండు అరచంద్రాకారపు కీపర్లు వాల్వ్ కాడని పట్టుకుని ఉంటాయి. 2000 నుంచి 2003 దాకా వచ్చిన బండ్లలో ఓవర్ రెవ్ అయితే ఇవి పగలడం మామూలే, ఎక్కువగా ఇన్‌టేక్ (గాలి లోపలికొచ్చే) వైపువి. పగిలినా కంప్రెషన్ బాగానే చూపిస్తుంది, ఐడిల్ నున్నగా ఉంటుంది, ఆఫీసుకి రోజూ వెళ్లి రావచ్చు. కీపర్లు మెల్లగా కిందికి కూరుకుపోతూ ఉంటాయి, ఒకరోజు గట్టిగా లాగినప్పుడు వాల్వ్ ఊడి సిలిండర్‌లో పడుతుంది. అప్పుడిక హెడ్, పిస్టన్, అన్నీ పోతాయి.

నా ఫ్రెండ్ బండికి సరిగ్గా ఇదే జరగబోయింది. ఆస్టిన్ దగ్గర సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో పొడుగాటి బ్యాక్ స్ట్రెయిట్ చివర 12వ మలుపుకి బ్రేక్ వేస్తూ ఐదు నుంచి నాలుగుకి తగ్గించబోతే రెండులో పడింది. నేను పక్క సీట్లో ఉన్నాను. ఐదులో 6,000 ఉంటే రెండులో 12,600 అవుతుంది, లెక్క వేసుకోండి. వెనక చక్రాలు ఒక్క క్షణం లాక్ అయ్యి బండి తోక ఊగింది, క్లచ్ తొక్కేసరికి సర్దుకుంది. ఆ తర్వాత బండిలో ఏ తేడా లేదు. లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి ఒత్తిడి పెట్టి ఎంత బయటికి పోతోందో చూసేది) చేయిస్తే నాలుగు సిలిండర్లూ బాగున్నాయి. వాడు వదిలేద్దామన్నాడు, నేను పట్టుబట్టి వాల్వ్ కవర్ తీయించాను. టార్చ్ వేసి చూస్తే మూడో సిలిండర్‌లో ఒక ఇన్‌టేక్ వాల్వ్ కాడ కొన, రిటైనర్ పైకి పక్కదానికంటే కాస్త తక్కువగా పొడుచుకొచ్చి ఉంది. స్ప్రింగ్ తీసి రిటైనర్‌ని చేతిలో తిప్పి చూస్తే రంధ్రం అంచు నుంచి వెంట్రుక లాంటి పగులు. హెడ్ దించకుండానే, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఒత్తిడి పెట్టి వాల్వులు కింద పడకుండా ఆపి, 2004 తర్వాతి మోడల్ రిటైనర్లు, కీపర్లు వేయించాడు. బండి ఇప్పటికీ ట్రాక్‌కి వస్తోంది.

కాబట్టి మీరు లీక్‌డౌన్ తప్పకుండా చేయించండి, కానీ దాంతో ఆగిపోకండి. లీక్‌డౌన్‌లో గాలి ఎక్కడినుంచి బుసకొడుతోందో వినమనండి. థ్రాటిల్ బాడీ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్ గొట్టంలోనైతే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు. తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ కొనకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) కొలవాలి, ఇన్‌టేక్ 0.21 నుంచి 0.25 మి.మీ., ఎగ్జాస్ట్ 0.25 నుంచి 0.29 మి.మీ. ఒక్కటి మిగతావాటికంటే బాగా తేడాగా ఉంటే దాని సంగతి తేల్చకుండా కవర్ మూయొద్దు. ఎలాగూ కవర్ విప్పుతారు కాబట్టి ఇన్‌టేక్ రిటైనర్లు మార్పించేయండి, పగుళ్లు కనపడకపోయినా సరే. ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టర్‌ని కోయించి లోపల మెరుపు రజను ఉందేమో చూడండి. మెకానిక్ ఎవరైనా "నడుస్తోంది కదా, ఏం కాదు" అంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

ఇక మళ్లీ జరగకుండా ఏం చేయాలి అన్నదానికి నాకు తోచింది ఇది. మీరూ ఇండియాలోనే డ్రైవింగ్ నేర్చుకుని ఉంటే ఎడమ చేత్తో గేర్ వేయడం అలవాటై ఉంటుంది. అక్కడ ఒకటి, రెండు గేర్ల గాడి మనకి దూరంగా ఉంటుంది, లివర్‌ని ఎంత ఒంటి వైపుకి లాక్కున్నా రెండు తగలదు. అమెరికాలో గేర్ల అమరిక అదే, కూర్చునేది మాత్రం అవతలి పక్క, కాబట్టి ఆ గాడి మన తొడ పక్కకి వచ్చేస్తుంది. కంగారులో గట్టిగా లాగామంటే మోచేయి సహజంగా ఒంటి వైపుకే వంగుతుంది, లివర్ నేరుగా రెండులోకి. మూడు నుంచి నాలుగుకి వేసేటప్పుడు నాబ్‌ని పిడికిలితో పట్టుకోకండి. బొటనవేలు కిందికి, అరచేయి ప్యాసింజర్ వైపుకి తిప్పి, లివర్‌కి మీ వైపున చేయి ఆనించి నేరుగా వెనక్కి లాగండి. ఆ పట్టులో ఒంటి వైపుకి లాగడం కుదరదు. ఐదు నుంచి నాలుగుకైతే న్యూట్రల్‌కి రాగానే పట్టు వదలండి, స్ప్రింగే మధ్య గాడికి తెస్తుంది, అప్పుడు వెనక్కి లాగితే నాలుగే.

చివర్లో పాత పోర్షా కేమన్ కొనాలనుకుంటున్నాను, కంప్యూటర్‌లో ఇవి రికార్డవుతాయా అని కూడా అడిగారు. మీ ఎస్2000లో ఇలాంటి రికార్డు ఉండదు. 987 తరం కేమన్‌లో, 997 తరం పోర్షా 911లో ఉంటుంది, రెవ్‌ని 6 శ్రేణులుగా విడదీసి ప్రతి శ్రేణిలో ఎన్ని ఇగ్నిషన్లు (స్పార్కులు) జరిగాయో, చివరిసారి ఇంజిన్ ఎన్ని గంటలు నడిచి ఉండగా జరిగిందో రాసుకుంటుంది. ఆరు సిలిండర్ల ఇంజిన్ 8,000 దగ్గర సెకనుకి 400 సార్లు ఇగ్నైట్ అవుతుంది కాబట్టి 200 అన్న అంకె చూసి హడలిపోకండి, అది అర సెకను. కింది శ్రేణులు లిమిటర్ తగిలినా నిండుతాయి, పై శ్రేణులు తప్పుడు గేర్ పడితేనే నిండుతాయి. పై శ్రేణిలో అంకె ఉండి, అది జరిగి వందల గంటలు గడిచి, లీక్‌డౌన్ కూడా బాగుంటే నేనైతే బేరం ఆడి కొంటాను. మొన్న మొన్న జరిగినదైతే వద్దంటాను.

ముందు మీ బండి సంగతి చూడండి. క్లియరెన్స్ కొలిచాక ఎనిమిది ఇన్‌టేక్ వాల్వుల రీడింగులు, రిటైనర్ల ఫోటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.